చేతులు మారే ఒక్క ఆక్సిజన్ పరమాణువు

ఫాస్ఫరస్ ఉన్న ట్రైఫినైల్ ఫాస్ఫీన్‌ను, గంధకానికి ఆక్సిజన్ అంటుకుని ఉన్న డైమిథైల్ సల్ఫాక్సైడ్‌లో కలిపి గది ఉష్ణోగ్రత వద్ద వదిలేస్తే, ఆ ఆక్సిజన్ ఫాస్ఫీన్‌కు మారదు, గంటలు గడిచినా చెప్పుకోదగ్గ మార్పేమీ కనిపించదు. శక్తి లెక్క చూస్తే మాత్రం ఇలా జరగకూడదు. సల్ఫాక్సైడ్‌లో గంధకం నుంచి ఆక్సిజన్‌ను విడదీయడానికి మోల్‌కు దాదాపు 360 కిలోజౌళ్లు చాలు. అదే పరమాణువు ఫాస్ఫరస్‌ను చేరితే 550 పైచిలుకు కిలోజౌళ్లు విడుదలవుతాయి. ఇంత లాభం ఉన్నా చర్య జరగదు, ఎందుకంటే దానికి తేలిక దారి లేదు. ఫాస్ఫరస్ మీద ఒంటరి ఎలక్ట్రాన్ జంట ఉంది, ఆక్సిజన్ చుట్టూ కూడా ఎలక్ట్రాన్లు నిండుగానే ఉన్నాయి. దగ్గరికొస్తే రెండూ వికర్షించుకుంటాయి.

ఆ దారిని లోహం వేస్తుంది. రెండు ఆక్సిజన్లు, రెండు డైథయోకార్బమేట్ లైగాండ్లు (లోహానికి అంటుకుని ఉండే సమూహాలు) పట్టుకున్న మాలిబ్డినం సంశ్లిష్టాన్ని తీసుకుందాం. ఇందులో లోహం +6 ఆక్సీకరణ స్థితిలో ఉంటుంది. లోహానికీ ఆక్సిజన్‌కూ మధ్య బంధంలో ఒక ఖాళీ ఆర్బిటాల్ (ఎలక్ట్రాన్లు చేరగల చోటు) ఉంటుంది, ఫాస్ఫీన్ ఎలక్ట్రాన్ జంట అందులోకి దిగుతుంది. ఫాస్ఫీన్ ఆక్సైడ్ తయారై వెళ్లిపోతుంది, రెండు ఎలక్ట్రాన్లు అందుకున్న లోహం +4 స్థితికి వస్తుంది. ఖాళీ అయిన చోటుకు సల్ఫాక్సైడ్ వచ్చి తన ఆక్సిజన్‌ను అప్పగించడంతో చక్రం మళ్లీ మొదలవుతుంది. ఇక్కడ లోహం పట్టు ఎంత బిగువన్నదే అసలు సంగతి. గంధకం నుంచి ఆక్సిజన్‌ను లాక్కునేంత బలం ఉండాలి, కానీ ఫాస్ఫరస్ అడిగితే వదలలేనంత ఉండకూడదు.

సల్ఫాక్సైడ్ వేయకుండా, ఫాస్ఫీన్‌తో మాత్రమే ఈ ప్రయోగం చేస్తే పసుపు ద్రావణం ఊదా రంగులోకి తిరుగుతుంది. ద్రావణం పీల్చుకునే కాంతిని కొలిస్తే 500 నానోమీటర్ల పరిసరాల్లో కొత్త శోషణ పట్టీ లేస్తుంది. చర్య బాగా నడుస్తోందనడానికి అది గుర్తు కాదు. అప్పుడే పుట్టిన మాలిబ్డినం(4), ఇంకా మిగిలి ఉన్న మాలిబ్డినం(6)తో జతకట్టి ఆక్సిజన్ వంతెన ఉన్న జంట అణువైంది. దీన్ని లెక్కలోకి తీసుకోకుండా గీసిన చర్య వేగపు రేఖ తప్పుదారి పట్టిస్తుంది. 1980ల్లో రసాయన శాస్త్రవేత్త రిచర్డ్ హోల్మ్ బృందం లైగాండ్‌కు స్థూలమైన ఫినైల్ సమూహాలు తగిలించి, రెండు లోహాలూ ఒకదాన్నొకటి చేరకుండా ఆపింది. మన కాలేయంలోని సల్ఫైట్ ఆక్సిడేజ్ ఎంజైమ్ ఇదే పని ప్రోటీన్‌తో చేస్తుంది. ప్రతి మాలిబ్డినం విడిగా ఒక గూటిలో ఉంటుంది. సల్ఫైట్‌ను సల్ఫేట్‌గా మార్చే ఆక్సిజన్ అక్కడ గాలి నుంచి కాక నీటి నుంచి వస్తుంది, ఎంత విన్నా నాకు పాతబడని విషయమిది.

మార్పిడిని కొలవడానికి ఫాస్ఫరస్ ఎన్ఎంఆర్ (అయస్కాంత క్షేత్రంలో రేడియో పల్సులతో ఫాస్ఫరస్ పరమాణువులను గుర్తించే పద్ధతి) చక్కగా పనికొస్తుంది. దాని కొలమానంలో ఫాస్ఫీన్ మైనస్ 5 పీపీఎం దగ్గర, ఫాస్ఫీన్ ఆక్సైడ్ 30కి కాస్త దిగువన, ఒకదానికొకటి అడ్డురాకుండా కనిపిస్తాయి. అయితే పల్సుల మధ్య విరామం చాలకపోతే వాటి నిష్పత్తిని నమ్మలేం. నిష్పత్తి మారడం ఆగేవరకు విరామం పెంచుతూ పోవాలి. లోహం వేయని నమూనా ఒకటి పక్కన పెట్టుకోవడం తప్పనిసరి, ఎందుకంటే ఫాస్ఫీన్ గాలికి కూడా మెల్లగా ఆక్సీకరణం చెందుతుంది. ఆక్సిజన్-18 (బరువైన ఆక్సిజన్ రూపం) ఉన్న సల్ఫాక్సైడ్ వాడితే ఫాస్ఫీన్ ఆక్సైడ్ ద్రవ్యరాశి 278 నుంచి 280కి జరగాలి. జరగలేదని వెంటనే నిరాశపడొద్దు. ద్రావణిలో తేమ ఉంటే, లోహం మీది ఆక్సిజన్ దానితో మారిపోయి గుర్తు చెరిగిపోతుంది.

ఇనుము దగ్గరికొస్తే తీరే వేరు. 1979లో రసాయన శాస్త్రవేత్త జాన్ గ్రోవ్స్ బృందం ఇనుము పార్ఫిరిన్‌కు (పెద్ద వలయం మధ్యలో ఇనుము ఉన్న అణువు) అయొడోసిల్‌బెంజీన్ ద్వారా ఆక్సిజన్ అందించి, ఆల్కీన్లను (కార్బన్ల మధ్య ద్విబంధం ఉన్నవి) ఎపాక్సైడ్లుగా (ఆ రెండు కార్బన్లకూ ఒకే ఆక్సిజన్ అంటుకున్నవి) మార్చింది. ఇక్కడ పుట్టే ఇనుము-ఆక్సో (ఆక్సిజన్ అంటుకున్న ఇనుము) ఎంత దూకుడుదంటే, దొరికితే తన పార్ఫిరిన్ వలయాన్నే తినేస్తుంది. అప్పుడు ద్రావణం రంగు వెలిసిపోతుంది. వలయం చుట్టూ పెంటాఫ్లోరోఫినైల్ సమూహాలు ఉంటే చాలాసేపు నిలుస్తుంది. అయొడోసిల్‌బెంజీన్ ఎండిన పొడిగా వేడెక్కితే పేలగలదు, కాబట్టి కొద్దికొద్దిగానే తయారుచేసుకోవాలి.

దిగుబడి ఎంత వచ్చినా, ఆక్సిజన్ ఇచ్చింది లోహమేనని దాన్నిబట్టి చెప్పలేం. సిస్-స్టిల్బీన్‌తో (రెండు ఫినైల్ సమూహాలూ ద్విబంధానికి ఒకే పక్కన ఉన్న ఆల్కీన్) పరీక్షించాలి. ఎక్కువగా సిస్ ఎపాక్సైడే వస్తే ఆక్సిజన్ నేరుగా చేరిందనుకోవచ్చు. ఆ సమూహాలు ఎదురెదురు పక్కల ఉన్న ట్రాన్స్ ఎపాక్సైడ్, బెంజాల్డిహైడ్ దండిగా కనిపిస్తే మధ్యలో రాడికల్ (జత లేని ఎలక్ట్రాన్ ఉన్న అణువు) ఉందని అనుమానించాలి. అదే ప్రయోగం గాలి లేకుండా ఆర్గాన్ వాయువు కింద మళ్లీ చేసినప్పుడు బెంజాల్డిహైడ్ పడిపోతే, దాని ఆక్సిజన్ లోహం ఇచ్చింది కాదు, గాలిలోంచి వచ్చింది.