సీఓడీ లెక్కలో దాక్కున్న సిప్రో

హైదరాబాద్ దగ్గర పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగు నీటిని శుద్ధి చేసే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొస్తున్న నీటిని స్వీడన్ శాస్త్రవేత్త యోకిమ్ లార్సన్ బృందం పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. జ్వరానికో, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కో మనం వేసుకునే యాంటీబయాటిక్ సిప్రోనే. ఆ మాత్ర మింగిన రోగి రక్తంలో ఉండే మందు కంటే ఈ నీటిలో ఉన్నదే ఎక్కువ. ఒక్క రోజులో అలా పోయిన సిప్రో సుమారు 44 కిలోలని వాళ్లు అంచనా వేశారు. 500 మిల్లీగ్రాముల మాత్రలు చేస్తే 88 వేలు అవుతాయి. స్వీడన్ మొత్తం ఐదు రోజుల్లో వాడే మందు అది.

ఇదంతా శుద్ధి చేశాక వదిలిన నీళ్ల సంగతి.

మరి అప్పటిదాకా ఎవరూ కొలవలేదా అంటే, కొలుస్తూనే ఉన్నారు. కాలుష్య నియంత్రణ మండలి చూసేవి సీఓడీ, బీఓడీ (సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్), టీడీఎస్ (కరిగిన లవణాలు), పీహెచ్ (ఆమ్లగుణం). నీటిలో ఉన్న రసాయనాలు ఆక్సీకరణం చెందడానికి ఎంత ఆక్సిజన్ పడుతుందో చెప్పే అంకె సీఓడీ. వాగుల్లోకి, నదుల్లోకి వదిలే నీటికి సాధారణ పరిమితి లీటరుకు 250 మిల్లీగ్రాములు. అందులో చక్కెర ఉందా, సాల్వెంట్ ఉందా, యాంటీబయాటిక్ ఉందా అన్నది ఆ అంకెకు పట్టదు. బస్తాలో ఉన్నవి వడ్లో తాలో కాటాకు తెలియనట్టే. సీఓడీ చవకైన పరీక్ష, ఏ ల్యాబ్‌లోనైనా అయిపోతుంది. అందుకే అది నిలిచింది. దాన్ని తప్పు పట్టడానికి లేదు కానీ, 31 మిల్లీగ్రాముల సిప్రో 250 లోపల హాయిగా ఇమిడిపోతుంది.

ఈ మందుల ఫ్యాక్టరీలన్నీ ఇక్కడికే ఎందుకొచ్చాయో తెలియాలంటే బాలానగర్‌కు వెళ్లాలి. 1960ల్లో ప్రభుత్వరంగ మందుల సంస్థ ఐడీపీఎల్ అక్కడ ప్లాంటు పెట్టింది. 1970లో చేసి 1972లో అమల్లోకి తెచ్చిన పేటెంట్ల చట్టం, మందుకు కాకుండా దాన్ని తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చింది. అదే మందును వేరే దారిలో తయారుచేసుకోవచ్చన్న మాట. ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్న కెమిస్టులు బయటికొచ్చి సొంత యూనిట్లు పెట్టారు. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు బల్క్ డ్రగ్స్‌కు, అంటే మాత్రల్లో కలిపే అసలు మందుకు, చిరునామాలయ్యాయి. ప్రపంచానికి మందు చౌకైంది. ఆ చౌకలో కొంత భాగం నక్కవాగులో కలిసి, మంజీర మీదుగా గోదావరి దారి పట్టింది.

వాగు పక్క ఊళ్లవాళ్లకు సీఓడీ అక్కర్లేకపోయింది. నీళ్ల రంగు, ఎండిన వరి, చచ్చిన పశువులు, వాళ్లకు అవే కొలతలు. పటాన్‌చెరులో ప్రాక్టీసు చేసే డాక్టర్ అల్లాని కిషన్‌రావు తన దగ్గరికొచ్చే రోగులను చూసి ఈ గొడవలోకి దిగారు. 1986లో ఊళ్లవాళ్లతో కలిసి అసెంబ్లీకి పాదయాత్ర చేశారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది, 2001లో హైకోర్టుకు, 2013లో గ్రీన్ ట్రైబ్యునల్‌కు మారింది. ఈ మధ్యలోనే, 1994లో, ఉమ్మడి శుద్ధి కేంద్రం వచ్చింది. ఫ్యాక్టరీల నుంచి ట్యాంకర్లలో నీళ్లు తెచ్చి అక్కడ పోసేవారు. శుద్ధి చేసే బ్యాక్టీరియా బతకడానికి ఇళ్ల మురుగు కూడా కలిపేవారు. మనుషుల పేగుల్లోంచి వచ్చిన సూక్ష్మజీవులను, బోలెడన్ని యాంటీబయాటిక్‌లను ఒకే తొట్టిలో పెంచడం అంటే ఏమిటో అప్పట్లో ఎవరికీ తట్టినట్టు లేదు. మందుకు లొంగని బ్యాక్టీరియాను తయారుచేయాలని కూర్చున్నా ఇంతకంటే మంచి ఏర్పాటు దొరకదు.

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలోని 88 పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసింది. 70 దాటితే తీవ్ర కాలుష్య ప్రాంతం. పటాన్‌చెరు-బొల్లారానికి 70.07 వచ్చింది. పరీక్షలో అంచు మీద పాసైన పిల్లాడిలా, ఇది అంచు మీద ఫెయిలైంది. సిప్రో సంగతి బయటపడి అప్పటికి రెండేళ్లు. అయినా యాంటీబయాటిక్‌ల కోసం ఆ మార్కుల్లో ప్రత్యేకంగా గడి లేదు. ఆ రోజుల్లోనే శుద్ధి కేంద్రం నీళ్లను 18 కిలోమీటర్ల పైపులైనుతో అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రం వైపు మళ్లించారు. నక్కవాగు భారం మూసీకి మారింది.

కొనేవాళ్ల వైపు కథ ఇంకా వింతగా ఉంటుంది. మందుల వల్ల పర్యావరణానికి ఎంత ముప్పో స్వీడన్ 2005 నాటికే వర్గీకరించి డాక్టర్ల ముందు పెట్టింది. కాకపోతే ఆ లెక్కకు ఆధారం స్వీడన్‌లో అమ్ముడైన మందు. రోగి మింగి, మూత్రంలో వదిలి, అక్కడి చెరువుల్లో కలిసేది ఎంత అన్నదే ప్రశ్న. మందు పుట్టిన చోట ఏం కలిసిందన్నది ఆ లెక్కలో రాదు. స్ట్రిప్ మీద కంపెనీ పేరు, బ్యాచ్ నంబరు ఉంటాయి. లోపలి బల్క్ డ్రగ్ ఏ ఊళ్లో తయారైందో ఉండదు.

అసలు ఎంత ఉంటే ఎక్కువ? దీనికి పనికొచ్చే జవాబు 2016లో దొరికింది. లార్సన్, యోహాన్ బెంగ్ట్‌సన్-పాల్మె కలిసి 111 యాంటీబయాటిక్‌లకు, మందుకు లొంగని బ్యాక్టీరియా పెరగకుండా ఉండే హద్దులు లెక్కగట్టారు. సిప్రో హద్దు లీటరుకు 0.064 మైక్రోగ్రాములు. పటాన్‌చెరులో దొరికింది దానికి సుమారు 4 లక్షల 80 వేల రెట్లు. పెద్ద మందుల కంపెనీల కూటమి 2018లో ఇలాంటి హద్దులనే తమ లక్ష్యాలుగా ప్రకటించింది. 2022లో బ్రిటిష్ స్టాండర్డ్స్ సంస్థతో కలిసి తయారీ ప్రమాణం తెచ్చింది. అంతకుముందే, 2019లో, నార్వే ఆసుపత్రుల కొనుగోలు సంస్థ యాంటీబయాటిక్ టెండర్లలో పర్యావరణానికి 30 శాతం మార్కులు పెట్టింది. ధర ఒక్కటే చూసే టెండర్ల లోకంలో ఇది చిన్న విషయం కాదు.

కంపెనీల ప్రమాణాన్ని మాత్రం నిదానంగా చదవాలి. ప్రతిసారీ నీటిని పట్టి పరీక్షించనక్కర్లేదు. ఎంత ముడిసరుకు పోశాం, ఎంత మందు వచ్చింది, తేడా ఎంత అని కాగితం మీద లెక్క వేయొచ్చు. హద్దును చూడాల్సింది కూడా పైపు చివర కాదు, నీళ్లు నదిలో కలిసి పలచబడ్డాక. నిండుగా పారే యూరప్ నదికి ఇది సరిపోతుందేమో. ఏప్రిల్‌లో మన వాగులో పలచబరచడానికి నీళ్లెక్కడివి?

ఇక నీళ్లే బయటికి వదలం అనే యూనిట్ల మాట. ఆవిరి చేసేస్తాం, మిగిలిన ఉప్పును దుండిగల్‌లోని ప్రమాదకర వ్యర్థాల డంపింగ్‌కు పంపుతాం అంటాయి. కాగితం మీద సున్నా. సున్నా అన్నాక వాగులో ఎవరు వెతుకుతారు? 2016 చివర్లో హైదరాబాద్ పరిసరాల్లో 28 చోట్ల జర్మన్ పరిశోధకులు వెతికారు. ఒకచోట ఫంగస్ మందు ఫ్లూకోనజోల్ లీటరుకు 237 మిల్లీగ్రాములు తేలింది.

మన ప్రభుత్వం కూడా ఒకసారి ముందుకొచ్చింది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ విడుదల చేసిన ముసాయిదాలో 121 యాంటీబయాటిక్‌లకు పరిమితులున్నాయి. అమలైతే ప్రపంచంలో అలాంటి తొలి చట్టాల్లో మనదొకటి అయ్యేది. పరిశ్రమ అభ్యంతరం చెప్పింది. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పట్టిక మొత్తం ఎగిరిపోయింది, సీఓడీ, బీఓడీ మిగిలాయి. 2024 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ యాంటీబయాటిక్ ఫ్యాక్టరీల వ్యర్థాలపై తొలిసారి మార్గదర్శకాలిచ్చింది. అవి చట్టం కావు. ఏ దేశం ఏ హద్దు పెట్టుకుంటుందో ఆ దేశానికే వదిలేశారు.