చీటీ రాసి ఇవ్వు నాయనా

పిల్లలూ,

మీలో ఒకబ్బాయి రాశాడు: "తాతయ్యా, నేనో తప్పు చేశాను. ఏంటో అడక్కండి. మాది చిన్న ఊరు, ఎటు వెళ్ళినా తెలిసినవాళ్ళే. అందరూ నన్నే చూస్తున్నట్టుంటుంది. ఆటలకి పోవడం మానేశాను. ఇదెప్పుడు పోతుంది?"

అడగను నాయనా. ముల్లు దిగినవాణ్ణి ఏ దారిన పోయావని తర్వాత అడగొచ్చు, ముందు ముల్లు తియ్యాలి.

అరికాల్లో ముల్లు విరిగితే పైకి కనబడేది చిన్న నల్లచుక్కే. కానీ వాడు మడమ ఆనించడు, పరుగెత్తడు, గోడవారన కూర్చుంటాడు. మిగతావాళ్ళు 'వీడికి పొగరు' అనుకుంటారు. వాణ్ణెవరూ వెలివెయ్యలేదు, వాడే పక్కకి జరిగాడు. ముళ్ళు తియ్యడంలో మా అమ్మమ్మ చెయ్యి తిరిగిన మనిషి. నా పాదం ఒళ్ళో పెట్టుకుని సూదిమొనతో చర్మం మెల్లగా ఎత్తేది. నేను అరుస్తుంటే ఏవో కబుర్లు చెప్పేది. నేనే తీసుకుంటానంటే సూది ఇచ్చేది కాదు, "నీ మడమ నీకెలా కనబడుతుందిరా" అనేది. మనసులో దిగిందీ అంతే. ఒక్కడివే కెలుక్కుంటే ఇంకా లోపలికి పోతుంది. ఇంకొకళ్ళ ఒళ్ళో కాలు పెట్టాల్సిందే.

అందరూ చూస్తున్నారంటావా? 2000లో అమెరికాలో ఒక పరిశోధన అచ్చయింది. సిగ్గుపడేలాంటి బొమ్మ ఉన్న చొక్కా తొడిగించి విద్యార్థుల్ని కొంతమంది కూర్చున్న గదిలోకి పంపారు. దాదాపు సగంమంది చూసుంటారని వాళ్ళనుకున్నారు. గమనించింది దాదాపు నాలుగోవంతే.

గాంధీగారు 15 ఏళ్ళప్పుడు అన్న కడియంలోంచి కాస్త బంగారం దొంగిలించారు, ఆ అన్నకే ఉన్న 25 రూపాయల అప్పు తీర్చడానికి. అప్పు తీరింది, మనసు ఊరుకోలేదు. తండ్రికి చెప్పాలంటే నోరు రాలేదు. కొడతారని కాదు, ఆయన బాధపడతారని. అందుకే చీటీ రాశారు: తప్పు చేశాను, శిక్ష వెయ్యండి, నా తప్పుకి మిమ్మల్ని మీరు శిక్షించుకోకండి, ఇక దొంగతనం చెయ్యను. వణుకుతూ ఇచ్చారు. జబ్బుతో బల్లమీద పడుకున్న తండ్రి లేచి కూర్చుని చదివారు. కన్నీళ్ళతో కాగితం తడిసింది. కాసేపు కళ్ళు మూసుకుని, చీటీ చింపేసి, మళ్ళీ పడుకున్నారు. కోప్పడలేదు. ఆ కాసేపట్లో ఆ ఇద్దరి మధ్యా ఏం కరిగిందో నేను మీకు విడమరిచి చెప్పలేను. ఇన్నేళ్ళొచ్చినా నాకది అబ్బురమే.

ఒక్కటి మాత్రం విను. ఎవరో పెద్దవాళ్ళు బెదిరించి చేయించిన పనైతే, నీ మీద జరిగిన పనైతే, ఆ తప్పు నీది కాదు. అదీ దాచకు. ఇంట్లో చెప్పలేకపోతే పిల్లలకి సాయం చేసే 1098 నంబరుకి ఫోన్ చెయ్యి. డబ్బులు పడవు, రాత్రిపూటైనా పలుకుతారు.

నీదే అయితే, ఈ రాత్రికి ఒక కాగితం తీసుకో. ఎవరికి ఇస్తావో ముందు వాళ్ళ పేరు రాయి. తర్వాత జరిగింది ఉన్నదున్నట్టు రాయి, నాలుగు వాక్యాలు చాలు. ఇచ్చి పారిపోకు. వాళ్ళు చదివేదాకా ఎదురుగానే కూర్చో.

మీ తాతయ్య