"మల్ల వచ్చిందట, ఇగ కోసి ఏం ఫాయిదా?": నోటి క్యాన్సర్ రెండో ఆపరేషన్ మీద అపోహలు, వాస్తవాలు

ములుగు నుంచో నర్సంపేట నుంచో ఒక కుటుంబం వస్తుంది. పేషెంటు బయట బెంచీ మీదే కూర్చుంటాడు. కొడుకో అల్లుడో ఫైలు పట్టుకుని లోపలికొచ్చి తలుపు దగ్గరికి వేస్తాడు. "మల్ల వచ్చిందంటున్నరు సార్. మా పక్కూర్ల ఒకాయనకు గిట్లనే రెండోసారి కోసిండ్రు, మూడు నెల్లకే పాయె. ఇగ కోసి ఏం ఫాయిదా? ఆయనకైతే ఇంకా చెప్పలే." నోటి క్యాన్సర్ వార్డుల్లో పనిచేసే ఎవరినడిగినా ఈ మాటలు అప్పజెప్పగలరు. ఊరు మారుతుంది గానీ మాట మారదు. ఈ జబ్బులో మనుషుల్ని ఎక్కువ నష్టపరిచేది ఈ పోలికే. అందుకే దీని గురించి ఎక్కువ రాస్తున్నాం, మిగతావి క్లుప్తంగా చెప్తాం.

అపోహ: మళ్లీ వచ్చిందంటే రెండో ఆపరేషన్ దండగ

ముందు ఆ పక్కూరాయన సంగతి చూద్దాం. ఆయనకు వచ్చింది బుగ్గలోనా, నాలుకకా, గొంతులోనా? మొదటిసారి కరెంటు (రేడియేషన్) పెట్టారా? ఎన్నాళ్లకు తిరగబెట్టింది? రెండోసారి నిజంగా గడ్డ తీశారా, లేక ఊపిరాడక గొంతుకు పైపు మాత్రం వేశారా? ఈ నాలుగూ అడిగితే ఎవరి దగ్గరా జవాబుండదు. జవాబు లేని కేసుతో ఇంటి మనిషి కేసును పోల్చి నిర్ణయం తీసుకుంటున్నారు.

మళ్లీ రావడంలోనూ రకాలున్నాయి. చికిత్స అయిన కొద్ది నెలలకే పాత కుట్ల దగ్గర లేచిన గడ్డ వేరు. మూడు నాలుగేళ్లు బాగుండి, అవతలి బుగ్గలోనో నాలుక అంచునో కొత్తగా వచ్చిన పుండు వేరు. ఏళ్ల తరబడి తంబాకు, గుట్కా, జర్దా, వక్క నమిలిన నోట్లో లోపలి పొర అంతా దెబ్బతిని ఉంటుంది. అందుకే ఇంకోచోట కొత్త క్యాన్సర్ పుట్టే అవకాశం ఉంటుంది, దానికి కొత్త జబ్బుకు చేసినట్టే వైద్యం చేస్తారు. నోరంతా బాగానే ఉండి మెడలో మాత్రమే గడ్డ తేలితే అది ఇంకొక లెక్క.

పాతచోటే తిరగబెట్టినా సరే, గడ్డ చుట్టూ మంచి అంచు వచ్చేలా తీయగలిగితే నయం కావడానికి ఎక్కువ అవకాశం ఇచ్చేది ఆపరేషనే. కీమో, మాత్రలు దాన్ని కొంతకాలం అణిచి ఉంచగలవు, పూర్తిగా పోగొట్టడం అరుదు. మొదటిసారితో పోలిస్తే ఫలితం తక్కువగానే ఉంటుంది, ఆ మాట దాచకూడదు. ఆరు నెలల్లోపే తిరగబెట్టిన వాళ్లకు ఇంకా తక్కువ. ఏడాది దాటాక, చిన్న పుండుగా ఉండగానే పట్టుకున్న వాళ్లకు మెరుగు. తీయలేని సందర్భాలూ ఉంటాయి: గడ్డ మెడలోంచి మెదడుకు పోయే కెరోటిడ్ రక్తనాళాన్ని చుట్టేసినప్పుడు, పుర్రె అడుగు ఎముకలోకి పోయినప్పుడు, ఊపిరితిత్తులకు పాకినప్పుడు. అవి తేలేది సీటీ, ఎంఆర్ఐ, ఛాతీ స్కాన్లలోనే.

ఆలస్యం ఎక్కడ దెబ్బ తీస్తుందో తెలియాలి. బుగ్గలో లేచిన గడ్డ వెనక్కి పాకి నమిలే కండరాల్లోకి దిగుతుంది, నోరు తెరుచుకోవడం తగ్గుతుంది. అక్కడి నుంచి పైకి, దవడ కీలు వెనక లోతుల్లోకి ఎక్కితే సర్జన్‌కు శుభ్రమైన అంచు దొరకడం చాలా కష్టం. నిన్న మూడు వేళ్లు పట్టిన నోట్లో నేడు రెండే పడుతున్నా, కింది పెదవి, గడ్డం మొద్దుబారుతున్నా, ఒకవైపు చెవిపోటు రాత్రిళ్లు నిద్ర పోనివ్వకపోయినా ఆ వారమే చూపించుకోవాలి. "మిర్చి తెంపుడు అయినంక", "జాతరకు పోయొచ్చినంక" అనుకుంటే రెండు నెలలు పోతాయి. పంట కోసం ఆగే కష్టం మాకు అర్థమవుతుంది, కాదనం. కానీ ఇక్కడ రెండు నెలలంటే తీయగలిగే గడ్డ తీయలేనిదిగా మారేంత కాలం. ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు వచ్చాక మూడు నాలుగు వారాల్లోపు థియేటర్ తేదీ పడేలా చూసుకోండి.

ఆ వారాల్లో చేయాల్సిన పని చాలా ఉంది. పాత ఆసుపత్రి నుంచి డిశ్చార్జి సమ్మరీ, బయాప్సీ రిపోర్టుతో పాటు స్లైడ్లు, ముక్కను దాచిన మైనపు బ్లాకులు కూడా అడిగి తెచ్చుకోండి. కరెంటు పెట్టించుకుని ఉంటే ఎన్ని గ్రేలు (రేడియేషన్ డోసు కొలత), ఎన్ని రోజులు, ఏ తేదీకి ముగిసిందో రాసిన కాగితం తప్పనిసరి. అది లేకుండా రెండోసారి రేడియేషన్ ఇవ్వొచ్చా లేదా అన్నది తేల్చలేరు. రక్తపరీక్షల్లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) ఉందో లేదో చూడండి. మెడకు రేడియేషన్ పడినవాళ్లలో చాలామందికి థైరాయిడ్ మందగిస్తుంది, దాన్ని పట్టించుకోకపోతే గాయం మానదు. కరెంటు పడిన దవడలో కదిలే పన్నును ఊళ్లో పీకించుకోవద్దు. అక్కడ ఎముక కుళ్లితే దాన్ని మాన్పడం పెద్ద పని. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు సొంతంగా ఆపొద్దు, ఎప్పుడు ఆపాలో మత్తు డాక్టర్ చెప్తారు. గడ్డ తీసిన చోట ముంజేతి కండ తీసి పెడతామని సర్జన్ చెప్తే ఆ చేతికి సూదులు, సెలైన్లు పడనివ్వకండి. తంబాకు ఈ రోజే ఆపాలి. మానలేకపోతే జాతీయ క్విట్‌లైన్ 1800-11-2356కు ఫోన్ చేయండి, డబ్బు పడదు.

అపోహ: పెట్ స్కాన్‌లో మెరిసిందంటే క్యాన్సరే

కాదు. ఒంట్లో చురుగ్గా ఉన్న కణాలను మెరిసేలా చూపే స్కాన్ ఇది. ఇన్ఫెక్షనైన పన్ను మెరుస్తుంది, కుళ్లిన దవడ ఎముక మెరుస్తుంది. కరెంటు ముగిశాక 12 వారాలు కాకముందే తీస్తే కరెంటు వల్ల వచ్చిన వాపు, మంటకు మామూలు కండ కూడా మెరుస్తుంది. ముక్క పరీక్షలో తేలాకే క్యాన్సర్ అనాలి.

అపోహ: ముక్క తీస్తే, కత్తి తగిలితే పాకుతుంది

పాకదు. పాకిందని అనిపించేది ముక్క తీశాక రెండు నెలలు పసరు మందుల్లో గడిపినందువల్ల.

అపోహ: కంచం, గ్లాసు వేరు చేయాలి

అవసరం లేదు, ఇది అంటురోగం కాదు. మనవణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. కంచం వేరు చేసిన రోజున ఆ మనిషి పడే బాధకు ఏ మందూ లేదు.

అపోహ: ఆరోగ్యశ్రీ ఒక్కసారే వస్తుంది

ఆరోగ్యశ్రీ పరిమితి కుటుంబానికి ఏడాది లెక్కన ఉంటుంది. తెలంగాణలో 2023 డిసెంబరులో దాన్ని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచారు. రెండో ఆపరేషన్‌కు మళ్లీ కొత్తగా అనుమతి పెడతారు. ఏ స్కానుకు, ఏ పరికరానికి జేబులోంచి పెట్టాలో అడ్మిషన్‌కు ముందే ఆరోగ్యమిత్రను కూర్చోబెట్టి అడిగి, కాగితం మీద రాసుకోండి.

అపోహ: గొంతులో రంధ్రం, ముక్కుకు పైపు ఇక జీవితాంతం

ఇదీ పోలిక వల్ల వచ్చిన భయమే. గొంతుపెట్టె పూర్తిగా తీసేసిన వాళ్లకు మెడ రంధ్రం శాశ్వతం, వాళ్లను చూసి బుగ్గ క్యాన్సర్ మనిషి వణికిపోతాడు. నోటి ఆపరేషన్లో పెట్టే రంధ్రం సాధారణంగా తాత్కాలికం. మొదటి రోజుల్లో నోరు, నాలుక వాచి శ్వాసకు అడ్డం పడతాయని, రక్తం, లాలాజలం ఊపిరితిత్తుల్లోకి దిగొద్దని పెడతారు. వాపు తగ్గాక ముందు పైపు చుట్టూ ఉన్న బుడగలోని గాలి తీస్తారు, తర్వాత చిన్న పైపుకు మారుస్తారు, ఆపైన మూత బిగించి 24 నుంచి 48 గంటలు చూస్తారు. రాత్రంతా మూతతో ఆయాసం లేకుండా నిద్రపోతే పైపు తీసి ప్లాస్టరు బిగిస్తారు. ఒకటి రెండు వారాల్లో అదే పూడుకుంటుంది. కరెంటు పడిన మెడ అయితే ఇంకొన్ని రోజులు పడుతుంది.

ఆ రోజుల్లో మాట రాదు. ఆపరేషన్‌కు ముందే పలక, బలపం కొని పెట్టుకోండి. చదువు రాని వాళ్లకు నీళ్లు, నొప్పి, కఫం, బాత్రూమ్ బొమ్మలు గీసిన అట్ట చేసి, వేలుపెట్టి చూపించడం ముందే అలవాటు చేయండి. సక్షన్ (పైపులోని కఫం లాగేసే మిషన్) పెట్టడం ఇంట్లో ఇద్దరు నేర్చుకోవాలి. ఒక్కరే నేర్చుకుంటే మూడో రాత్రికి ఆ ఒక్కరూ కూలబడతారు.

ముక్కు పైపు తిండి మీద పొరపాట్లు ఎక్కువ. అంబలి, గంజి మాత్రమే పోస్తూ పోతే నెలకు ఐదారు కిలోలు తగ్గి కుట్లు విడిపోతాయి. 50 కిలోల మనిషికి రోజుకు సుమారు 1500 కేలరీలు, 60 నుంచి 75 గ్రాముల ప్రోటీన్ కావాలి. పాలు, మెత్తగా రుబ్బి వడకట్టిన పప్పు, ఉడికించి రుబ్బిన గుడ్డు, పెరుగు, రాగి జావలో చెంచా నూనె ఇవన్నీ కలవాలి. షుగర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు డైటీషియన్ వేరే లెక్క రాసిస్తారు. ఒక్కసారికి 200 నుంచి 250 మిల్లీలీటర్లు, రెండు రెండున్నర గంటలకోసారి. ప్రతిసారీ ముక్కు దగ్గర పైపు మీది గుర్తు కదల్లేదని చూడాలి, వీపు ఎత్తి కూర్చోబెట్టాలి, పోశాక అరగంట పైనే అలాగే ఉంచాలి. ముందూ వెనకా 30 మిల్లీలీటర్ల నీళ్లతో పైపు కడగాలి. మాత్రలు సగం సగం నూరి పోయడం వల్లే ఎక్కువగా పైపులు మూసుకుపోతాయి. అన్ని మాత్రలూ నూరకూడదు, సిరప్ దొరుకుతుందేమో అడగండి.

కరెంటు పడిన చోట చిన్న రక్తనాళాలు ఎండిపోయి ఉంటాయి కాబట్టి రెండో ఆపరేషన్ గాయం తొందరగా మానదు. వారం పది రోజుల మధ్య మెడ కుట్ల నుంచి ఉమ్మి కారడం కొందరికి జరుగుతుంది. చాలావరకు డ్రెస్సింగులతో, నోటితో ఏమీ తీసుకోకుండా ఉంచితే పూడుతుంది, వారాలు పట్టొచ్చు. కానీ మెడ గాయం నుంచి గానీ నోటి నుంచి గానీ ఎర్రటి రక్తం కొంచెం వచ్చి ఆగిపోయినా, ఆగిందని ఊరుకోవద్దు. పెద్ద రక్తస్రావానికి ముందు సూచన అలాగే ఉంటుంది. శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి 108కి ఫోన్ చేయండి.

అపోహ: ఇదే ఆపరేషన్ అయిన మనిషిని చూపిస్తే భయపడి వద్దంటాడు

ఇంట్లోవాళ్లు దాస్తున్నారన్న సంగతి పేషెంటుకు తెలియకుండా పోదు. ఫైలు చూసి మాట తగ్గించిన రోజే తెలుస్తుంది. ఆపైన ఒక్కడే గోడవైపు తిరిగి పడుకుంటాడు. అప్పుడు ఆయన చెవిన పడేది పక్కూరాయన కథ ఒక్కటే. ఆ కథకు విరుగుడు ఇదే దారిలో నడిచి వచ్చిన ఇంకో మనిషి, కానీ ఎవరో ఒకరైతే సరిపోదు.

జోడీ సరిగ్గా కుదరాలి. బుగ్గ అయితే బుగ్గ, నాలుక అయితే నాలుక. దవడ ఎముక తీస్తారంటే ఎముక తీయించుకున్న మనిషే కావాలి. పెట్టే కండ కూడా చూడాలి: ఛాతీ కండ తిప్పినవాళ్లకు మెడ, భుజం బిగుసుకుంటాయి, కాలి ఎముక తెచ్చి పెట్టినవాళ్లకు కొన్నాళ్లు నడక ఇబ్బంది. ఇంతకుముందు కరెంటు పడిందా లేదా అన్నదీ కలవాలి. ఆపరేషన్ అయి కనీసం ఆరు నెలలు దాటి ఉండాలి, మొదటి నెలలో ఉన్న మనిషి తన నొప్పిలోనే ఉంటాడు. వీలైతే ఆడవాళ్లకు ఆడవాళ్లు, భార్యకు భార్య. సక్షన్ పట్టిన చేయి ఇంకో చేయికి చెప్పే సంగతులు డాక్టరు నోటి నుంచి రావు.

ఎక్కడ దొరుకుతారు? ఫాలోఅప్ ఓపీ రోజున, స్పీచ్ థెరపీ గది బయట. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే లాంటి పెద్ద క్యాన్సర్ ఆసుపత్రిలో చూపించుకుంటుంటే అక్కడి నర్సునో సోషల్ వర్కర్‌నో అడగండి. "మాలాంటి ఆపరేషనే అయినవాళ్లు ఎవరైనా మాట్లాడతారా?" ఈ ఒక్క మాట చాలు. వాళ్లు ఇద్దరి ఒప్పుకోలూ తీసుకుని కలుపుతారు. కాజీపేటలో రైలెక్కే రోజునే ఆ కలయిక కూడా కుదుర్చుకుంటే ఇంకో ప్రయాణం తప్పుతుంది.

కలయిక ఆపరేషన్‌కు మూడు నాలుగు రోజుల ముందు జరగాలి, ముందురోజు రాత్రి వద్దు. ఎదురుగా కూర్చుని అరగంట చాలు. ఫోన్లో అయితే మాట స్పష్టంగా రాక ఇద్దరూ ఇబ్బంది పడతారు, వీడియో కాల్ కొంత నయం. ముఖం ఎలా ఉంటుందో నర్సు ముందే చెప్పి ఉంచాలి. చెప్పకుండా చూపిస్తే మొదటి పది నిమిషాలూ ఆ చూపులోనే పోతాయి.

అడగాల్సినవి అడగండి. మొదటి మూడు రాత్రులు ఎలా గడిచాయి? ముక్కు పైపు ఎన్నాళ్లకు తీశారు, మొదట నోటితో మింగింది ఏమిటి? చెయ్యి భుజం పైకి ఎప్పుడు లేచింది? నోరు తెరిచే వ్యాయామానికి పుల్లలు ఎప్పుడు మొదలుపెట్టమన్నారు? అద్దంలో మొదటిసారి చూసుకున్నప్పుడు పక్కన ఎవరున్నారు? పనికి ఎప్పుడు పోయారు? "ఎన్నేళ్లు బతుకుతావన్నారు?" అని మాత్రం అడగొద్దు. ఆయన జవాబు మీకు వర్తించదు, ఆ ప్రశ్న ఆయనను మాత్రం ఇంటిదాకా వెంటాడుతుంది. మందుల డోసులు కూడా ఒకరివి ఒకరు తీసుకోవద్దు. మాట మధ్యలో పొడి, పసరు, కోర్సు డబ్బులు అని వచ్చిందంటే లేచి వచ్చేయండి.

కలిసిన మనిషికి తర్వాత జబ్బు తిరగబెట్టొచ్చు, చనిపోనూ వచ్చు. ఆ కబురు వాట్సాప్‌లో తెలియకముందే, కలిపిన నర్సో సోషల్ వర్కరో స్వయంగా చెప్పాలి. రెండు కేసుల్లో తేడా ఏమిటో అప్పుడు మళ్లీ కూర్చుని విడమరచాలి. సాయానికి వచ్చిన మనిషినీ కాపాడుకోవాలి. ఒకే మనిషిని వారం వారం పిలిపిస్తే తన ఆపరేషన్ రాత్రులే మళ్లీ మళ్లీ చెప్పుకోవాల్సి వస్తుంది. ఒకసారి వచ్చాక కొన్ని వారాలు వదిలేయాలి, రానన్నప్పుడు ఎందుకని అడగకూడదు.

ఈ మాటలతో తీరని దిగులూ ఉంటుంది. పేషెంటు తిండి, నిద్ర మానేసినా, "నేను మీకు బరువైన" అని పదే పదే అంటున్నా, చచ్చిపోవాలని ఉందన్నా ఆ రోజే డాక్టరుకు చెప్పండి. ఒంటరిగా వదలొద్దు, పురుగుల మందు డబ్బాలు ఇంట్లోంచి తీసేయండి. టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. పేషెంటే కాదు, నెలల తరబడి నిద్ర లేక పక్కన కూర్చున్న భార్య కూడా చేయొచ్చు.