మానులా, ఏనుగులా: క్రూగర్‌లో తెగని వాదన

దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయ పార్కులో వెనకటి మహావృక్షాలు కరిగిపోతున్నాయని, అందుకు ఏనుగులే కారణమని ఆ పార్కును ప్రేమించేవారు బాధపడుతుంటారు. అలాగని ఏనుగులను చంపి తగ్గిద్దామన్న మాట వచ్చినప్పుడల్లా అంతకన్నా పెద్ద అలజడి లేస్తుంది. ఈ రెండు మనోభావాలూ ఎక్కడ పుట్టాయో తెలియాలంటే నూరేళ్లకు పైగా వెనక్కి వెళ్లాలి.

పంతొమ్మిదో శతాబ్దంలో దంతాల వేటగాళ్లు ఆ ప్రాంతంలో ఏనుగులను దాదాపు తుడిచిపెట్టారు. 1905 ప్రాంతంలో లెటాబా, ఒలిఫాంట్స్ నదులు కలిసేచోట మిగిలినవి పదో పన్నెండో మాత్రమే. అంతకు ముందే, 1896లో, రిండర్‌పెస్ట్ అనే పశువుల మహమ్మారి అడవిదున్నలను, జింకజాతులను కుప్పకూల్చింది. మొక్కను మేసే నోరు గానీ, మానును పడగొట్టే తొండం గానీ అంతగా లేని ఆ దశాబ్దాలలో ఎన్నో మొక్కలు నిరాటంకంగా ఎదిగి ఉంటాయి. బోట్స్వానాలోని చోబే నది ఒడ్డున ఉన్న పెద్ద చెట్లు ఇలాంటి విరామంలోనే పెరిగాయని పరిశోధకులు వివరించారు. 1926లో క్రూగర్ జాతీయ పార్కుగా ఏర్పడ్డాక వచ్చిన తొలి సందర్శకులు చూసి సహజమనుకున్న దృశ్యం, నా దృష్టిలో, కొంతవరకు ఆ ఖాళీ ఇచ్చిన కానుకే.

ఏనుగులు క్రమంగా తిరిగివచ్చాయి. 1930ల నుంచి జంతువుల దాహం తీర్చడానికి అధికారులు మూడు వందలకు పైగా బోర్లు వేయించారు. ఎండాకాలంలో ఏనుగులు నీటి కోసం నదుల దగ్గరే ఉండిపోతే, దూరాన ఊపిరి పీల్చుకునే చెట్లకు ఆ విశ్రాంతి దీనితో పోయింది. తర్వాత పశ్చిమ సరిహద్దున కంచె లేవడంతో మందలు బయటికి పోయే దారీ మూసుకుపోయింది.

చెట్లను కాపాడే పేరుతో 1967లో వధ మొదలైంది. ఏటా ఆకాశం నుంచి లెక్కపెట్టి, సంఖ్యను ఏడు వేల దగ్గర నిలపాలన్నది విధానం. 1994 వరకు 14 వేలకు పైగా ఏనుగులను తొలగించారు. హెలికాప్టర్ నుంచి, కండరాలను చచ్చుబరిచే మందును సూదితో కొట్టి, స్పృహ ఉండగానే కదలలేని స్థితిలో పడేసే పద్ధతి చాలాకాలం నడిచింది. మాంసం, చర్మం పార్కు ముఖ్య కేంద్రమైన స్కుకుజాలోని కర్మాగారానికి చేరేవి కనుక, ఇది చెట్ల కోసమా, వ్యాపారం కోసమా అన్న అనుమానం జనంలో బలపడింది. మందలో బతకనిచ్చిన గున్నలను పిలానెస్‌బర్గ్ వంటి వేరే పార్కులకు తరలిస్తే, పెద్దల అదుపు లేకుండా పెరిగిన మగ ఏనుగులు 1990లలో అక్కడి ఖడ్గమృగాలను చంపాయి. జనాగ్రహానికి తలొగ్గి వధ ఆపేశారు.

వధ సాగిన కాలంలోనూ పార్కులోని కొన్ని నేలల్లో పెద్ద చెట్లు తగ్గుతూనే వచ్చాయని పాత వైమానిక ఛాయాచిత్రాలు చూపాయి. ఏనుగు బెరడు ఒలిచిన మరూలా చెట్టును పురుగు, ఆ తర్వాత కార్చిచ్చు ముగిస్తాయి. మొలిచిన మొక్కను ఇంపాలా జింకలు మేస్తాయి. అందుకే 2004లో బెర్గెన్‌డాల్ శిబిరంలో జరిగిన సదస్సు, 2008లో ప్రభుత్వం తెచ్చిన నియమాలు తలల లెక్కను వదిలి ప్రభావం వైపు చూశాయి: వధ చివరి మార్గం మాత్రమే, అంతకు ముందు బోర్లు మూయడం, కంచెలు తీయడం.

ఈ వాదనలో ఎక్కువగా వినబడింది నగరవాసులు, విదేశీ సందర్శకులు, అధికారులు. మరూలా పండ్లతో వుకాన్యి అనే కల్లు చేసుకునే స్థానిక త్సొంగా ప్రజలను తొలినాళ్లలో ఎవరూ అడగలేదు. వారిలో మకులెకె సమాజాన్ని 1969లో పార్కు కోసమే ఖాళీ చేయించారు. భూమి తిరిగి దక్కింది 1998లో. (మరూలా మన మామిడి, జీడి కుటుంబానికి చెందినదే. దాని పండ్లతో దక్షిణాఫ్రికాలో తయారయ్యే ఓ ప్రసిద్ధ మద్యం సీసా మీద ఉన్నది మాత్రం ఏనుగు బొమ్మ.)

ఇప్పుడు రాబందులు గూడు కట్టే ఎత్తైన చెట్ల మొదళ్లకు కొన్నిచోట్ల ఇనుప జాలి చుడుతున్నారు, కొమ్మలకు తేనెపెట్టెలు వేలాడదీస్తున్నారు. జాలి బెరడును కాపాడుతుంది గానీ, మగ ఏనుగు నుదురు ఆనించి నెట్టడం మొదలుపెడితే ఆపలేదు.