చోమ్‌స్కీ నుంచి పోలీస్ యాక్షన్ దాకా: క్లాసులో వినే అపోహలు

నల్లగొండలో డిగ్రీ పిల్లలకు అంతర్జాతీయ సంబంధాల పేపర్ చెప్పి చెప్పి పదహారేళ్లయింది. ఏటా ఎవరో ఒకరు నోమ్ చోమ్‌స్కీ పేరు ఎత్తుతారు. అమెరికా భాషాశాస్త్రవేత్త, తన దేశపు విదేశాంగ విధానాన్నే ఏకిపారేసే మనిషి. ఎత్తగానే క్లాసు రెండు ముక్కలు. ఒకడికి దేవుడు, ఇంకొకడికి అర్బన్ నక్సల్. ఇద్దరూ చూసింది రెండు నిమిషాల రీలే.

అపోహ: ఆయన అమెరికా ద్వేషి, చెప్పేదంతా ప్రచారమే.

వాస్తవం: మనిషిని పక్కనబెట్టి కాగితం చూడండి. 1975 డిసెంబరు 6న అమెరికా అధ్యక్షుడు ఫోర్డ్, విదేశాంగ మంత్రి కిసింజర్ జకార్తాలో ఇండోనేషియా అధ్యక్షుడు సుహార్తోతో కూర్చున్నారు. మర్నాడే ఇండోనేషియా సైన్యం పక్కనున్న తూర్పు తిమోర్‌ను ఆక్రమించడానికి దిగింది, అదీ అమెరికా ఆయుధాలతో. చోమ్‌స్కీ డెబ్బైల నుంచే ఈ సంగతి రాస్తూ వచ్చారు, పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2001లో ఆ భేటీ రికార్డు బయటికొచ్చింది. అర్థం చేసుకుంటాం, ఒత్తిడి చేయం అన్నారు ఫోర్డ్. జరిగేదేదో మేం తిరిగెళ్లాక జరిగితే అక్కడ సర్దిచెప్పుకోవచ్చు అన్నారు కిసింజర్. చెప్పినవాడు మనకు నచ్చకపోతే ఆ రికార్డులో అక్షరం మారుతుందా?

అపోహ: అంత మేధావి, తప్పు చేయడు.

వాస్తవం: చేశారు. కంబోడియాలో ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు పాలకుల హత్యాకాండ గురించి శరణార్థులు చెప్పిన కథనాలను 1977లో ఎడ్వర్డ్ హెర్మన్‌తో కలిసి అనుమానిస్తూ రాశారు. తర్వాత తేలిన చావులు పదిహేను లక్షల పైమాటే. నాజీల గ్యాస్ చాంబర్లే లేవన్న ఫోరిసన్ విషయంలో ఆయన సమర్థించింది వాక్ స్వాతంత్ర్యాన్ని, ఆ వాదనను కాదు. కానీ ఆయన రాసిన వ్యాసం 1980లో ఫోరిసన్ పుస్తకానికే ముందుమాటగా అచ్చయింది. రాసి ఇచ్చిన కాగితం ఎక్కడ తేలుతుందో చూసుకోవద్దా? ఇక అమెరికా ధనికుడు జెఫ్రీ ఎప్‌స్టీన్‌ను, 2008లో లైంగిక నేరంలో అతనికి శిక్ష పడ్డాక కూడా, కలిశారని 2023లో బయటపడింది. అడిగితే మీకెందుకన్నారు. నాకు మింగుడుపడలేదు. అయినా తిమోర్ తిమోరే.

అపోహ: ద్వంద్వ నీతి అమెరికా వాళ్లది, మనది సూటి మాట.

వాస్తవం: 1956 చివర్లో సూయజ్ కాలువ కోసం ఈజిప్టు మీద దాడి చేసిన ఇంగ్లండ్, ఫ్రాన్స్‌లను నెహ్రూ గట్టిగా దులిపారు. ఆ రోజుల్లోనే తిరుగుబాటును అణచడానికి సోవియట్ ట్యాంకులు హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో ఉన్నాయి. అక్కడ మాత్రం మన గొంతు తగ్గింది. హంగరీలో స్వేచ్ఛగా ఎన్నికలు జరపాలన్న ఐక్యరాజ్యసమితి తీర్మానానికి వ్యతిరేకంగా ఓటేశాం. జయప్రకాశ్ నారాయణ్ దీన్ని బహిరంగంగానే తప్పుబట్టారు. ఆయుధాలకూ చమురుకూ లెక్కలుంటాయి, కాదనను. ఆ లెక్కను నీతి అని పిలవడంతోనే నాకు పేచీ.

అపోహ: ఇదంతా ఢిల్లీ గొడవ, మన జిల్లాకేంటి?

వాస్తవం: 1948 సెప్టెంబరు 16న పారిస్‌లో భద్రతా మండలి కూర్చుని మాట్లాడింది మన హైదరాబాద్ సంస్థానం గురించే. ఫిర్యాదు నిజాంది. ఆ సమయానికి భారత సైన్యం షోలాపూర్ వైపు నుంచీ, బెజవాడ వైపు నుంచీ లోపలికి వచ్చేసింది. మర్నాడు నిజాం లొంగిపోయారు, వారం తిరక్కుండా ఫిర్యాదూ వెనక్కి తీసుకున్నారు. రజాకార్ల బాధ పడ్డ ఊళ్లకు అది విముక్తే, అందులో సందేహం లేదు. తర్వాత ముస్లింల మీద జరిగిన హింసను చూసి రమ్మని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ బృందం నివేదిక మాత్రం దశాబ్దాల పాటు అచ్చుకు రాలేదు.

ట్యాంకులతో వెళ్లినదానికి పెట్టిన పేరు పోలీస్ చర్య. యుద్ధమంటే రెండు దేశాల మధ్య సంగతవుతుంది, పోలీసులంటే ఇంటి సంగతి.

మొన్న బోర్డు మీద మూడు పేర్లు రాశాను. 1948 హైదరాబాద్: పోలీస్ చర్య. 1950 కొరియా, అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ నోట: పోలీస్ చర్య. 2022 ఉక్రెయిన్, రష్యా నోట: ప్రత్యేక సైనిక చర్య. మూడూ ఒకటే అనడం లేదు, పేరు పెట్టే పద్ధతి చూడండి అన్నాను. సూర్యాపేట నుంచి బస్సులో వచ్చే పిల్ల లేచింది.

"సార్, మా తాత పుట్టిన ఏడు అడిగితే పోలీస్ యాక్షన్ ఏడే అంటడు. పోలీసులు ఎంతమంది వచ్చిండ్రు తాతా అని అడిగితే, పోలీసులు ఎక్కడ వచ్చిండ్రే, వచ్చింది మిల్ట్రీ అంటడు."