40 పళ్ళు, 44 పళ్ళు: పాత పోర్షే 911ని కిందికి దించే లెక్క

అమెరికాకి వెళ్ళిన పాత పోర్షే 911లు చూడండి, టైరుకీ పైన ఫెండర్‌కీ మధ్య ఇంత గ్యాప్ కనిపిస్తుంది. అక్కడికి పంపే కార్లని యూరప్ వాటికంటే కాస్త ఎత్తులో సెట్ చేసేవాళ్ళు, అందుకే అక్కడ ఈ కారు కొన్నవాళ్ళు చాలామంది మొదట చేయించే పని దాన్ని "యూరో హైట్"కి దించడం.

మన దగ్గరైతే కారు దించాలంటే స్ప్రింగ్ ఒక చుట్టు కోసి పారేస్తారు (దయచేసి చేయకండి). ఈ పాత 911లో కోద్దామన్నా కాయిల్ స్ప్రింగే లేదు. 1964లో తయారీ మొదలైన దగ్గర్నుంచి 1989 వరకు ఈ కారుని మోసింది టార్షన్ బార్, అంటే ఒక ఉక్కు కడ్డీ. ఒక కొస బాడీకి బిగించి ఉంటుంది, రెండో కొస చక్రంతో పాటు తిరుగుతుంది, గుంతలో పడితే కడ్డీ తడి బట్ట పిండినట్టు మెలి తిరిగి మళ్ళీ వెనక్కి వస్తుంది.

వెనక చక్రాల కడ్డీలో నాకు భలే నచ్చే విషయం ఒకటుంది. గాడుల్లో కూర్చోడానికి లోపలి కొసకి చుట్టూ 40 పళ్ళు, బయటి కొసకి 44 పళ్ళు. లోపల ఒక పన్ను జరిపితే 9 డిగ్రీలు, బయట ఒక పన్ను జరిపితే 8.18 డిగ్రీలు. రెండూ పెద్ద అంగలే, కానీ లోపల ఒకటి ఇటు, బయట ఒకటి అటు జరిపితే మిగిలే తేడా 0.82 డిగ్రీలే! చక్రం దగ్గర అది కొన్ని మిల్లీమీటర్ల ఎత్తు. స్క్రూ లేదు, నట్టు లేదు, ఉత్త పళ్ళ లెక్కతో ఇంత సన్నటి అడ్జస్ట్‌మెంట్. ముందు చక్రాలకి మాత్రం స్క్రూ ఉంటుంది, తిప్పితే చాలు.

సరే దించాం, లాభమెంత? మలుపులో లోపలి టైర్ల మీద నుంచి బయటి టైర్ల మీదకి ఎంత బరువు మారుతుందో అది బరువు కేంద్రం ఎత్తుని బట్టి ఉంటుంది. ఆ ఎత్తు 50 సెంటీమీటర్లు అనుకుంటే 2.5 సెంటీమీటర్లు దించినందుకు తగ్గేది 5 శాతం. అంతే.

నష్టం కూడా ఉంది, అది ఫోటోలో కనపడదు. కారు ఏ పాయింట్ చుట్టూ ఒరుగుతుందో దాన్ని రోల్ సెంటర్ అంటారు, ముందున్న మెక్‌ఫర్సన్ స్ట్రట్ సస్పెన్షన్‌లో (చక్రాన్ని పైన షాక్ అబ్జార్బర్ ఉన్న నిలువు స్ట్రట్, కింద ఒక ఆర్మ్ పట్టుకునే రకం) కారు ఒక అంగుళం దిగితే కింది ఆర్మ్ కోణం మారిపోయి ఈ పాయింట్ అంగుళం కంటే ఎక్కువే దిగిపోతుంది, దాంతో దానికీ బరువు కేంద్రానికీ మధ్య దూరం పెరిగి, కిందికి దించిన కారు ఇంకా ఎక్కువ ఒరగాలని చూస్తుంది. స్టీరింగ్ రాడ్ల కోణం కూడా చెడుతుంది, గతుకు తగిలినప్పుడల్లా చక్రం తనంతట తనే కాస్త తిరుగుతుంది. దీనికోసం స్టీరింగ్ ర్యాక్ కింద స్పేసర్లు పెట్టి దాన్ని పైకి లేపుతారు. రేసు కార్లకైతే స్ట్రట్ మీద చక్రం ఇరుసునే పైకి జరిపి వెల్డ్ చేస్తారు, కారు దిగుతుంది కానీ ఆర్మ్ కోణం అలాగే ఉంటుంది, ఖర్చైనా అసలు మందు ఇదే.

ఒరుగుడు తగ్గాలంటే కడ్డీ లావు పెంచాలి. ఇక్కడ జాగ్రత్త, గట్టిదనం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 19 మిల్లీమీటర్లది తీసి 22ది వేస్తే చూడ్డానికి తేడా 3 మిల్లీమీటర్లే, గట్టిదనం మాత్రం దాదాపు 80 శాతం ఎక్కువ. పాత షాక్ అబ్జార్బర్లు దాన్ని పట్టలేవు, వాటిని కూడా మార్చాల్సిందే, లేకపోతే కారు ఎగురుతూనే ఉంటుంది. నన్నడిగితే వీటన్నిటికంటే ముందు ఎండిపోయిన రబ్బరు బుష్‌లు మార్చుకోవాలి, అవి వదులైపోయాక మిగతావి ఎంత సెట్ చేసినా నిలవవు.

చివర్లో నాలుగు చక్రాల కింద నాలుగు తూకాలు పెడతారు, ఎందుకంటే ఒక మూల ఎత్తు మారిస్తే దానికి ఐమూలగా ఎదురున్న చక్రం మీద కూడా బరువు మారుతుంది. డ్రైవర్ సీట్లో ఆ నడిపే మనిషి బరువంత ఇసుక మూటలు వేసి మరీ చూస్తారు.