కృత్తికల చుట్టూ దుమ్ము ఎవరు తుడిచారు?

కార్తీక మాసం పేజీకి కృత్తికల ఫొటోనే వెయ్యాలని అందరూ ఒప్పుకున్నారు. కృత్తికల పేరుతో వచ్చిన నెల కదా. ఏ ఫొటో అన్న దగ్గరే తేడా వచ్చింది. విజయవాడ, గుంటూరుల్లో రాత్రి ఆకాశాన్ని ఫొటోలు తీసే కొందరు కలిసి వేసుకునే గోడ క్యాలెండర్ అది. పోటీకి రెండు ఫొటోలు మిగిలాయి. ఒకటి కొండవీడు కొండ మీద తీసింది. నక్షత్రాల చుట్టూ నీలి మసక, దాని బయట ఫ్రేము అంచులదాకా పొగలా పరుచుకున్న గోధుమరంగు అంతరిక్షపు దుమ్ము. రెండోది విజయవాడలో బెంజ్ సర్కిల్‌కి దగ్గర్లో ఒక మేడ మీద తీసింది. అందులోనూ నీలి మసక ఉంది, మిగతాదంతా కాటుక నలుపు. కొండవీడు ఫొటోలో ఉన్నది దుమ్ము కాదనీ, సరిగా తియ్యని గ్రేడియంట్, అంటే ఒక పక్క నుంచి పడ్డ వెలుతురు మసక అనీ మేడవాళ్లు అన్నారు. ఊరి వెలుతురుతో పాటు దుమ్మునీ కలిపి ఊడ్చేశారని కొండవాళ్లు అన్నారు. పోయినేడు చల్లారిందనుకున్న ఈ గొడవ ఈ వారం మళ్లీ లేచింది. ఈసారి ‘ఏఐ ఫొటో’ అన్న మాట కూడా పడింది.

ఈ తగువు గురించి రాయడానికి నాకు ఒక్క రాత్రే గడువిచ్చారు కాబట్టి మొదటి నుంచీ చెప్పను. 1969లో బెల్ ల్యాబ్స్‌లో బాయిల్, స్మిత్ వెలుతురుని పట్టే సీసీడీ అనే కెమెరా చిప్ కనిపెట్టిన సంగతి, దానికి 2009లో నోబెల్ వచ్చిన సంగతి ఈ సరదా ఉన్నవాళ్లకి కొత్త కాదు. ఈ తగువుకి కావలసిన ముక్క వేరు. రాత్రి ఫొటోలో వెనకభాగం ఒకచోట వెలుతురుగా, ఒకచోట చీకటిగా రావడానికి ముఖ్యంగా రెండు కారణాలు. రెండింటికీ మందు ఒకటి కాదు. మొదటిది విగ్నెటింగ్. లెన్సు మధ్యలో పడినంత వెలుతురు మూలలకి అందదు. అక్కడికి వచ్చే వెలుతురు నక్షత్రానిదైనా, వీధి దీపానిదైనా అదే నిష్పత్తిలో తరుగుతుంది. రెండోది గ్రేడియంట్. ఊరి వెలుతురో చంద్రుడి వెలుతురో ఒక పక్క నుంచి వచ్చి అసలు బొమ్మ మీద అదనంగా కూడుతుంది. తరిగినదాన్ని భాగించి సరిచెయ్యాలి, కూడినదాన్ని తీసెయ్యాలి. ముందు భాగహారం, తర్వాతే తీసివేత.

చిన్న లెక్క వేద్దాం. ఫ్రేము మధ్యలో ఒక పిక్సెల్‌లో దుమ్ము వెలుతురు 100, ఆకాశం వెలుతురు 1000 అనుకుందాం. మూలలోనూ అంతే దుమ్ము, అంతే ఆకాశం ఉన్నాయి, కాని లెన్సు అక్కడికి 60 శాతమే పంపింది. అంటే దుమ్ము 60, ఆకాశం 600, మొత్తం 660. దాన్ని 0.6తో భాగిస్తే 1100 తిరిగొస్తుంది. అందులోంచి ఆకాశం 1000 తీసేస్తే దుమ్ము 100 చేతికొస్తుంది. అలా కాకుండా భాగహారం ఎగ్గొట్టి, మధ్యలో 1000, మూలలో 600 తీసేశారనుకోండి. వెనకభాగం నున్నగా చదునవుతుంది, చూసేవాళ్లకి ఏ లోపమూ కనపడదు. కాని మూలలో దుమ్ము 60 దగ్గరే ఉండిపోయింది. అసలే పలచనిది, అందులో నలభై శాతం పోయింది.

ఆ 0.6 ఎంతో చెప్పేవే ఫ్లాట్స్. అదే లెన్సు, అదే ఫోకస్, కెమెరా ఏమాత్రం తిప్పకుండా, సమానంగా వెలిగే తెల్లటి దేన్నైనా ఫొటో తియ్యాలి. నేను మొదటిసారి బ్రాడీపేటలో మేడ మీద తెల్లారగట్ల ఒక తెల్ల బనియన్‌ని లెన్సు మీద ముడత లేకుండా లాగి, రబ్బరు బ్యాండు వేసి, తలపైన ఆకాశానికి పెట్టి ముప్పై తీశాను. ముగ్గు వెయ్యడానికి బయటికొచ్చిన ఎదురింటావిడ ఆ బనియన్ని చాలాసేపు చూసింది. ముప్పై ఫొటోలనూ కలిపితే ఒక మాస్టర్ ఫ్లాట్ వస్తుంది: మధ్యలో తెలుపు, మూలలకి పోయేకొద్దీ బూడిదరంగు, అక్కడక్కడా సెన్సర్ మీద కూచున్న ధూళి రేణువుల నీడలు. ఆ నీడలు గుండ్రంగా, మధ్యలో చిల్లుతో ఉంటాయి. ఇంగ్లీషువాళ్లు వాటిని డోనట్లు అంటారు. మనకైతే గారెలే.

ఇంత చాకిరీ జనం ఎందుకు మానేశారో తెలియాలంటే వీధి దీపాల దగ్గరికి రావాలి. పదేళ్ల కింద వరకూ మన ఊళ్ల వెలుతురు సోడియం దీపాల పసుపు. ఆ పసుపులో చాలాభాగం 589 నానోమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి, ఆ రంగును మింగే డిడీమియం ఫిల్టరు లెన్సు ముందు పెడితే పని సగం తేలికయ్యేది. 2015 జనవరిలో కేంద్రం వీధి దీపాలను ఎల్ఈడీలకు మార్చే జాతీయ పథకం మొదలుపెట్టింది, ఆంధ్రప్రదేశ్ అందులో ముందు వరసలో చేరింది. కరెంటు ఆదా అయింది, రోడ్డు మీద మనిషి ముఖం తెలుస్తోంది, దానికి వంక పెట్టను. కాని తెల్ల ఎల్ఈడీ వెలుతురు నీలం దగ్గర, 450 నానోమీటర్ల చుట్టూ ఎత్తుగా లేచి, అక్కడి నుంచి ఎరుపుదాకా ఎడతెగకుండా పరుచుకుంటుంది. దాన్ని ఆపాలంటే కృత్తికల నీలాన్ని కూడా ఆపాలి. ఫిల్టర్లు డ్రాయర్‌లోకి పోయాయి, భారమంతా సాఫ్ట్‌వేర్ మీద పడింది.

నా దృష్టిలో మలుపు అక్కడే ఉంది, ఏఐ కన్నా చాలా ముందు. ఫొటోషాప్‌కి రస్సెల్ క్రోమన్ రాసిన గ్రేడియంట్ ఎక్స్‌టర్మినేటర్, పిక్స్‌ఇన్‌సైట్‌లోని డీబీఈ, డబ్బు కట్టక్కర్లేని సిరిల్ లాంటి గ్రేడియంట్ తీసేసే సాఫ్ట్‌వేర్లు అప్పటికే అందరి చేతుల్లోకీ వస్తున్నాయి. ఫొటోలో ఖాళీ ఆకాశం ఉన్నచోట చుక్కలు పెడితే, డీబీఈ వాటి మీదుగా ఒక నున్నటి తలం అల్లుతుంది, తర్వాత దాన్ని ఫొటోలోంచి తీసేస్తుంది. ఈ తలం గ్రేడియంట్‌నే కాక, మూలల చీకటిని కూడా చదును చేసేస్తుందని జనం కనిపెట్టారు. తీసివేతా భాగహారమూ రెండూ ఆ టూల్‌లో ఉన్నాయి, ఎంచుకోవలసింది మనమే. కాని తీసివేతతోనే రెండు జబ్బులూ నయమైనట్టు కనిపిస్తుంటే తెల్లారగట్ల బనియన్ లాగే ఓపిక ఎవరికి? ఫ్లాట్స్ తియ్యడం ఒక్కొక్కరే మానేశారు. గారెలు మాత్రం పోవు. వాటిని క్లోన్ బ్రష్‌తో కప్పేసేవాళ్లు.

తర్వాత 2023లో గ్రాక్స్‌పర్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లోకి ఏఐ పద్ధతి వచ్చింది. ఇక చుక్కలు పెట్టే పని కూడా లేదు. వెనకభాగం ఏదో అదే ఊహించుకుంటుంది. మేడవాళ్ల వాదన ఇక్కడ మొదలవుతుంది, అందులో న్యాయం లేకపోలేదు. అమావాస్య అమావాస్యకీ కారేసుకుని కొండెక్కడం అందరికీ కుదరదు. కార్తీక పౌర్ణమికి చంద్రుడు కృత్తికల పక్కనే ఉంటాడు, దీపావళి అమావాస్యకి టపాకాయల పొగ. మిగిలేది కార్తీకం ఆఖరి అమావాస్య ఒక్కటే, ఆ రోజు కూడా మంచు పడిందంటే అంతే. ఇంట్లోంచి తీసుకునేవాడికి ఈ టూల్స్ లేకపోతే ఫొటోయే లేదని వాళ్లంటారు.

చిక్కల్లా కృత్తికల్ని ఎంచుకోవడంతో వచ్చింది. ఈ ఫ్రేములో నిజంగా ఖాళీ ఆకాశం అంటూ లేదు. దాదాపు 440 కాంతి సంవత్సరాల దూరంలో ఆ నక్షత్రాలు ఒక దుమ్ము మబ్బులోంచి పోతున్నాయి. వాటి వెలుతురు దుమ్ము మీద పడి చెదిరితే మనకి నీలం కనిపిస్తుంది. నీలం ఆగిపోయినచోట దుమ్ము ఆగిపోదు. 1983లో ఎగిరిన ఐరాస్ ఉపగ్రహం పరారుణంలో తీసిన పటాల్లో అది చుట్టుపక్కల అంతా ఉంది. మరి చుక్క ఎక్కడ పెట్టినా దుమ్ము మీదే పెట్టినట్టు. మనిషి పెట్టినా, యంత్రం ఊహించినా, సాఫ్ట్‌వేర్‌కి పలచటి దుమ్మూ ఊరి వెలుతురూ ఒకే రకం మసక. పిక్స్‌ఇన్‌సైట్ వాళ్లు ఈ మధ్య ఆకాశాన్ని విశాలంగా ముందే ఫొటో తీసి పెట్టుకున్న ఒక సర్వేతో పోల్చి గ్రేడియంట్ తేల్చే పద్ధతి తెచ్చింది కూడా అందుకే.

కొండవీడు ఫొటో కడిగిన ముత్యమేమీ కాదు. కుడి కింద మూలలో ఒక నారింజ ఛాయ ఉంది, అది దుమ్ము కాదు. కొండవీటికి తూర్పున గుంటూరు ఉంది. కృత్తికలు తూర్పున ఎక్కుతున్నంతసేపూ గుంటూరు వెలుతురు ఫ్రేముకి ఒక అంచున పడుతుంది. నడినెత్తి దాటాక నరసరావుపేట వెలుతురు రెండో అంచున మొదలవుతుంది. రాత్రంతా తీసి కలిపితే రెండూ మిగులుతాయి. తీసినాయనే ఈ మాట ఒప్పుకున్నారు. మేడవాళ్లు మాత్రం ఈ మూలని పట్టుకుని మిగతా ఫొటో అంతా మురికే అంటున్నారు.

వెనకభాగాన్ని తీసెయ్యడం తప్పేమీ కాదు. ఆస్ట్రేలియాలో డేవిడ్ మాలిన్ 1970ల్లోనే గాజు పలక మీది ఫొటోకి మసకబారిన నకలు తీసి, రెండింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి ముద్రించేవాడు. పెద్ద పెద్ద వెలుగునీడలు అణిగి సన్నటి వివరాలు పైకొచ్చేవి. అలాంటి చీకటిగది పనితనంతోనే కొన్ని గెలాక్సీల చుట్టూ ఎవరూ చూడని పలచటి గుల్లలు బయటపడ్డాయి. 1980లో వాటిని డేవిడ్ కార్టర్‌తో కలిసి ప్రకటించాడు. అణిచిందేమిటో తెలియాలంటే ఆ మసక నకలుని తీసి చూడొచ్చు. ఇప్పటి సాఫ్ట్‌వేర్లలోనూ అదే వీలుంది. ఏం తీసేశామో ఆ బ్యాక్‌గ్రౌండ్ మోడల్‌ని విడిగా ఫైలుగా దాచుకోవచ్చు. అది ఒక పక్క నుంచి ఇంకో పక్కకి వాలిన నున్నటి వాలులా ఉంటే గ్రేడియంట్ పోయింది. అందులో కృత్తికల ఆకారమే మసగ్గా కనిపిస్తుంటే దుమ్ము పోయింది.

క్యాలెండర్ పని చూసేవాళ్లు రెండు పక్షాలనూ అడిగింది ఇదే. కొండవాళ్లు తమ మాస్టర్ ఫ్లాట్‌నూ, బ్యాక్‌గ్రౌండ్ మోడల్‌నూ ఆ రాత్రే పంపారు. ఫ్లాట్‌లో ఎడమ అంచున రెండు గారెలున్నాయి. ఫొటోలో అదే చోట గారెల జాడ లేదు, దుమ్ము ఉంది. మేడవాళ్లు ఫ్లాట్స్ తియ్యలేదని చెప్పారు. మోడల్ సేవ్ చేశారో లేదో వెతుకుతున్నారు. ప్రెస్‌కి ఇచ్చే గడువు శనివారం.